వీసీఆర్ పోయాక: డీవీడీ రికార్డరా, రికార్డింగ్ బాక్సా?

ఒడిశాలోని బరంపురం, పర్లాకిమిడి తెలుగు ఇళ్లలో పెళ్లి క్యాసెట్లు ఇంకా బీరువాల్లోనే ఉన్నాయి. మూలపడింది వాటిని ఆడించే వీసీఆరే. కొత్తది దొరకదు, చివరిదాకా తయారుచేసిన జపాన్ కంపెనీ ఫునాయ్ కూడా 2016లో ఆపేసింది. అయితే దాని స్థానంలో ఏం పెట్టాలి?

రాత్రి తెలుగు సీరియల్, అదే టైముకి ఒడియా వార్తలు, ఇదే మీ ఇంటి గొడవైతే హార్డ్‌డిస్క్ ఉన్న సెట్‌టాప్ బాక్స్ చాలు. బటన్ నొక్కితే రికార్డవుతుంది, నాణ్యత తగ్గదు. కానీ ఆ రికార్డింగ్ మామూలుగా ఆ బాక్సుకే కట్టుబడి ఉంటుంది. బాక్స్ పాడైతే అన్నీ పోయినట్టే. చెల్లెలింటికి రాయగడ పంపుదామన్నా కుదరదు.

డీవీడీ రికార్డర్ సంగతి వేరు. దాని పాత ట్యూనర్‌కి, అంటే ఛానెళ్లను పట్టే భాగానికి, డిజిటల్ కేబుల్ అందదు కాబట్టి టీవీ రికార్డింగుకి అది దండగే అంటాను. బాక్స్ నుంచి వైరు కలిపినా మామూలు నాణ్యతే వస్తుంది, 4.7 జీబీ డిస్కులో రెండు గంటల రికార్డింగే పడుతుంది. దాని అసలు విలువ క్యాసెట్ల దగ్గరే. పనిచేసే వీసీఆర్‌ని ఎవరినైనా అడిగి తెచ్చి, పసుపు, ఎరుపు, తెలుపు వైర్లతో రికార్డర్‌కి కలిపితే పెళ్లి డిస్కులోకి ఎక్కుతుంది. చివర్లో ఫైనలైజ్ చేయకపోతే, అంటే వేరే ప్లేయర్లు చదవగలిగేలా డిస్కుని ముగించకపోతే, వేరే ప్లేయర్‌లో ఆడకపోవచ్చు. చాలామంది మర్చిపోయేది ఇదే.

రికార్డర్ సెకండ్‌హ్యాండే దొరుకుతుంది, అందుకే డిస్కు రాయించి చూశాకే డబ్బులివ్వండి. తీరప్రాంతపు తేమకి బూజు పట్టిన క్యాసెట్ మాత్రం శుభ్రం చేయించకుండా పెట్టొద్దు, వీసీఆర్‌లో టేపుని చదివే హెడ్ పాడవుతుంది.