తుంగభద్ర ఒడ్డు పార్కుకు పోతున్నారా? ఫోటోల అతనితో జాగ్రత్త

ఇంటికొచ్చి పావుగంట కాలేదు, చొక్కా కూడా మార్చకుండా ముందు ఇది రాసేస్తున్నా. కర్నూలులో మనమంతా పిల్లల్ని తీసుకుని పోయే ఏటి ఒడ్డు పార్కు తెలుసు కదా, అక్కడ మెడలో కెమెరా, భుజాన ప్రింటరు సంచితో తిరిగే అతన్నీ చూసే ఉంటారు. ఈ సాయంత్రం అతని చేతిలో 850 రూపాయలు పోసి వచ్చాను. నా జేబులో మంచి ఫోను ఉంది, దానికి కెమెరా కూడా ఉంది. ఆ సంగతి ఈ మహానుభావుడికి అప్పుడు గుర్తు రాలేదు.

అమ్మ ఆదోని నుంచి వచ్చింది. 2020 పుష్కరాలకు కరోనా భయంతో రాలేకపోయింది, ఏరు చూడాలంటే తీసుకెళ్ళాం. "యాభై రూపాయలే సార్, ఇప్పుడే చేతికిచ్చేస్తా" అన్నాడు. సరే, అమ్మా పిల్లలూ కలిసి ఒకటి ఉంటుందిలే అనుకున్నా. తీశాడు, అయిపోయిందనుకున్నా. తర్వాత నేను 2009 అక్టోబరులో తుంగభద్ర, హంద్రీ రెండూ కలిసి ఊళ్ళోకి ఎట్లా ఎక్కొచ్చాయో అమ్మకు చెయ్యి చాపి చూపిస్తూ నా ఉపన్యాసంలో నేనున్నా. అతను పక్కన నొక్కుతూనే ఉన్నాడు.

కాసేపటికి ఒక కట్ట తెచ్చి చేతిలో పెట్టాడు. పదిహేడు! అందులో పదకొండింట్లో నేనే, నోరు తెరుచుకుని తెలంగాణ వైపు గట్టుకు చెయ్యి చూపిస్తూ. ఒకదాంట్లో మా చిన్నోడి వీపు మాత్రమే ఉంది.

"యాభై అన్నావు కదప్పా?"

"ఒక్కోదానికి సార్."

రెండు చాలు అన్నానో లేదో, మనిషే మారిపోయాడు. "నవ్వుకుంటా దిగితిరి కదా, ఇప్పుడు లెక్కలా? మీ మొహాలు నేనేం చేసుకోవాల?" అని అరుస్తూ అమ్మ ఉన్న ఫోటో తీసి, అందరూ చూస్తుండగా, రెండు చేతుల్తో పట్టుకుని చించబోయాడు. పైన అంచు చిరిగింది కూడా, సరిగ్గా అమ్మ తల మీద.

"వద్దు నాయనా, చించొద్దు, బతికున్న మనిషిది" అంటూ అమ్మ కొంగు ముడి విప్పింది. నాలుగు మడతలు పెట్టిన ఐదొందల నోటు. నేను వద్దనేలోపే అతని చేతిలో పెట్టేసింది. మిగతా 350 నేను ఫోన్లో కొట్టాను. అంతమంది మధ్య ఇంకేం మాట్లాడను? అతను నోటును వెలుతురుకు ఎత్తి, దొంగదేమో అని చూసుకున్నాడండీ! అదీ నా ముందరే.

గేటు దగ్గర చెప్తే "వాళ్ళతో మాకు సంబంధం లేదు సార్" అన్నారు. మరి లోపలికి ఎవరు వదులుతున్నారో, తుంగభద్రలోంచి ఈదుకుంటూ వస్తున్నారేమో.

ఆకుకూర కట్ట దగ్గర రెండు రూపాయలకు బేరమాడే మనిషిని నేను. మొత్తానికి యాభైయా, ఒక్కోదానికా అని ఒక్క మాట అడగలేకపోయాను.

మీరు పోతే అది అడగండి. ప్రింటు కొట్టకముందే కెమెరాలో చూసి, ఏది కావాలో చెప్పండి. అసలు వద్దంటే ఇంకా మంచిది. పార్కు మాత్రం బాగుంది, గాలి బాగుంది, ఆ తప్పు ఏటిది కాదు.

ఇక్కడ అమ్మ చిరిగిన చోట వెనకనుంచి టేపు అంటిస్తోంది. ఐదొందలు తిరిగిస్తుంటే తీసుకోవడం లేదు. "ఫోటో బాగొచ్చిందిలేరా" అంటోంది.