లుండ్‌లో ఒక సెమిస్టర్: చదువుకు కొరత లేదు, వెలుతురుకే కరువు

స్వీడన్‌లో 1666లో స్థాపితమైన లుండ్ విశ్వవిద్యాలయంలో నేను ఆగస్టు చివర మొదలయ్యే సెమిస్టర్ చదివాను. బోధనకు నిస్సంకోచంగా పూర్తి మార్కులు వేస్తాను. సెమిస్టర్‌కు 30 క్రెడిట్లు ఉన్నా, కోర్సులను చాలావరకు ఒకదాని తరువాత ఒకటిగా నడుపుతారు కనుక ఒకే విషయంలో వారాల తరబడి మునిగిపోయే వీలుంటుంది. అధ్యాపకులను పేరు పెట్టి పిలవడానికి మాత్రం ‘సార్’కు అలవాటుపడిన నా నాలుకకు నెల పట్టింది.

వసతి విషయంలో అంత ఉదారంగా చెప్పలేను. ఉమ్మడి వంటగదిలో ఆవాలు చిటపటలాడేసరికే పొగ అలారం మోగేది. బట్టలు ఉతుక్కోవడానికి సైతం ముందుగా సమయం బుక్ చేసుకోవాలి. ఒక దుకాణంలో కొన్న పాత సైకిల్ గొలుసు వారానికే తెగింది. డిసెంబరులో మధ్యాహ్నం మూడున్నర దాటగానే సూర్యుడు అస్తమిస్తాడు కాబట్టి సైకిల్‌కు దీపాలు తప్పనిసరి.