ఒలివియర్ నటించిన వేదికల వెంట: లండన్, బ్రైటన్, చిచెస్టర్

లారెన్స్ ఒలివియర్‌ను మనలో చాలామంది సినిమాల ద్వారానే ఎరుగుదుం. 1948లో ఆయన తీసిన ‘హ్యామ్లెట్’కు ఉత్తమ చిత్రంగానూ, అందులోని నటనకు ఆయనకూ ఆస్కార్లు వచ్చాయన్నది, దర్జీలింగ్‌లో పుట్టిన వివియన్ లీని ఆయన 1940లో పెళ్లాడారన్నది సినీ పాఠకులకు కొత్త సంగతులు కావు. అయితే ఆరు దశాబ్దాల ఆయన వృత్తి జీవితంలో పెద్ద భాగం నాటకశాలల్లో గడిచింది. వాటిలో ముఖ్యమైనవి లండన్‌లోనో, లండన్ నుంచి రెండు గంటల లోపు రైలు ప్రయాణంలోనో ఉన్నాయి. వాటిని వరుసగా చూడాలని మేమిద్దరం వేసవిలో బయలుదేరాం. ఏది చూసి తీరవలసింది, ఏది దారిలో ఉంటే ఆగి చూడదగ్గది, ఎక్కడ బస సుఖం, ఎక్కడ డబ్బు దండగ అన్నది ఇలాంటి యాత్ర తలపెట్టేవారికి పనికొస్తుందని రాస్తున్నాను. నా మటుకు నాకు ఒలివియర్ పేరు చెక్కిన రాళ్ల దగ్గర కంటే ఆయన పనిచేసి, తంటాలు పడి, నిలబెట్టిన వేదికల దగ్గరే ఆయన బాగా అర్థమయ్యారు. ఆ లెక్కన ఈ యాత్రలో మొదటి స్థానం చిచెస్టర్‌ది.

లండన్‌లో మొదట ఆక్స్‌ఫర్డ్ సర్కస్‌కు దగ్గరలో, మార్గరెట్ వీధిలో ఉన్న ఆల్ సెయింట్స్ చర్చికి వెళ్లమని చెబుతాను. ఒలివియర్ తండ్రి ఆంగ్లికన్ మతబోధకుడు. 1916లో కొడుకును ఈ చర్చి గాయక బృందం పాఠశాలలో చేర్పించారు. అక్కడి పిల్లలు వేసిన ‘జూలియస్ సీజర్’లో పదేళ్ల ఒలివియర్ బ్రూటస్ పాత్ర ధరించగా, అది చూసిన మహానటి ఎలెన్ టెర్రీ, ఆ పిల్లవాడు అప్పటికే గొప్ప నటుడని తన డైరీలో రాసుకున్నారు. పాఠశాల 1968లోనే మూతపడింది కానీ చర్చి నేటికీ ప్రార్థనలతో సజీవంగా ఉంది. సన్నని సందులోంచి చిన్న వాకిట్లోకి, అక్కడి నుంచి లోపలికి అడుగుపెట్టగానే నేల నుంచి పైకప్పు దాకా రంగురంగుల ఇటుకలు, పలకలు, పొదిగిన పాలరాతి పని కనిపిస్తాయి. పక్కనే ఉన్న ఆక్స్‌ఫర్డ్ వీధి జనసమ్మర్దం ఇక్కడికి చేరదు, ప్రవేశ రుసుము లేదు. ఆ ధూపం, ఆ వస్త్రాలు, ఆ ఊరేగింపుల మధ్య పెరిగిన పిల్లవాడికి వేషధారణ మీద, కంఠస్వరం మీద అంతటి మక్కువ ఎలా కలిగిందో ఇక్కడ కాసేపు కూర్చుంటే తెలుస్తుంది.

సెయింట్ మార్టిన్స్ లేన్‌లోని నోయెల్ కవర్డ్ థియేటర్ ఆ రోజుల్లో న్యూ థియేటర్. 1935లో ‘రోమియో అండ్ జూలియట్’లో నటుడు జాన్ గీల్‌గుడ్, ఒలివియర్ రోమియో, మెర్కూషియో పాత్రలను మార్చుకుంటూ నటించింది ఇక్కడే. ఓల్డ్ విక్ నాటకశాల యుద్ధకాలపు బాంబు దాడిలో దెబ్బతిన్నాక దాని నాటక సంస్థ 1944 నుంచి ప్రదర్శనలు ఇచ్చిందీ, ఒలివియర్ మూడవ రిచర్డ్‌గా లండన్‌ను ఊపేసిందీ ఇక్కడే. పగలు బయటి నుంచి చూడటానికి పెద్దగా ఏమీ ఉండదు కాబట్టి, నాటకం చూసే ఉద్దేశం లేకపోతే ప్రత్యేకంగా రానక్కరలేదు.

వాటర్లూ స్టేషన్‌కు నాలుగడుగుల దూరంలో ఉన్న ఓల్డ్ విక్ సంగతి వేరు. 1818లో కట్టిన ఈ నాటకశాలలో 1937లో ఒలివియర్ తొలిసారి హ్యామ్లెట్ వేశారు. 1963లో నేషనల్ థియేటర్ సంస్థకు మొదటి దర్శకుడైనప్పుడు సొంత భవనం లేకపోవడంతో ఇదే దానికి ఇల్లయింది. ఆ ఏడాది అక్టోబర్ 22న పీటర్ ఓటూల్ హ్యామ్లెట్‌గా, ఒలివియర్ దర్శకత్వంలో తొలి ప్రదర్శన జరిగింది. కార్యాలయాలు మాత్రం దగ్గరలోని అక్వైనాస్ వీధిలో తాత్కాలిక షెడ్లలో ఉండేవి, ఆ తాత్కాలికం పుష్కర కాలం సాగింది. 1964లో ఆయన ఇక్కడ వేసిన ఒథెల్లో కోసం నెలల తరబడి సాధన చేసి కంఠస్వరాన్ని బాగా కిందికి దించుకున్నారు. ఒళ్లంతా నల్లరంగు పూసుకున్న ఆ వేషాన్ని నేటి ప్రేక్షకులు అంగీకరించరు, అంగీకరించకపోవడం న్యాయమే. ఆ గొంతు కోసం పడిన శ్రమను మాత్రం తీసిపారేయలేం. నన్ను ఎక్కువగా కదిలించింది మరొకటి. సరిగ్గా ఆ కాలంలోనే, పేరు శిఖరాన ఉన్నప్పుడే, ఆయన్ను రంగస్థల భయం పట్టుకుంది. సుమారు ఐదేళ్లు వేదిక ఎక్కిన ప్రతిసారీ మాటలు మరచిపోతానేమోనని వణికిపోయారు. తోటి నటులను తన కళ్లలోకి సూటిగా చూడవద్దని బతిమాలుకున్నారు, ‘ఒథెల్లో’లో ఇయాగో పాత్రధారి ఫ్రాంక్ ఫిన్లేను తనకు కనబడేలా తెర పక్కనే నిలబడమని కోరారు. ఓల్డ్ విక్‌లో కూర్చుని ఆ వేదిక చివరి అంచు చూస్తున్నంతసేపూ నాకు అదే ఆలోచన. టిక్కెట్ల విషయంలో ఒక మాట: ఇలాంటి పాత నాటకశాలల్లో పై అంతస్తు సీట్లు చవకే అయినా మెట్లు నిటారుగా, వరుసలు ఇరుకుగా ఉంటాయి. పెద్దవారితో వెళ్లేవారు నాలుగు పౌండ్లు ఎక్కువైనా కింది అంతస్తే తీసుకోవడం మేలు.

అక్కడి నుంచి పది నిమిషాల నడకలో థేమ్స్ ఒడ్డున నేషనల్ థియేటర్ ఉంటుంది. డెనిస్ లాస్డన్ రూపొందించిన ఈ కాంక్రీటు భవనాన్ని దూరం నుంచి చూసి పెదవి విరిచేవారున్నారు. దగ్గరికి వెళ్లి గోడ మీద చెయ్యి వేస్తే, పోత పోసినప్పుడు వాడిన చెక్క పలకల నరాలు, ముడులు కాంక్రీటులో అచ్చుపడి చేతికి తగులుతాయి. అది గమనించాక నాకు ఆ భవనం మీద అభిప్రాయమే మారిపోయింది. ఇందులోని మూడు నాటకశాలల్లో పెద్దది, సుమారు 1,150 సీట్లది, ఒలివియర్ పేరున ఉంది. 1976 అక్టోబర్ 25న ఎలిజబెత్ రాణి సమక్షంలో ప్రారంభోత్సవం జరిగినప్పుడు ఒలివియర్ ఆ వేదిక మీద స్వాగత ప్రసంగం చేశారు. అంతే. దశాబ్దం పాటు ఏ భవనం కోసం పాటుపడ్డారో అందులో ఒక్క నాటకంలోనూ నటించలేదు. 1973లోనే దర్శకత్వ బాధ్యతలు పీటర్ హాల్ చేతికి వెళ్లాయి, మరుసటి ఏడాది నుంచి కండరాలను తినేసే జబ్బు ఆయన్ను వేదికకు దూరం చేసింది. బయట నది వైపున ఏంజెలా కానర్ చేసిన విగ్రహం, హ్యామ్లెట్ వేషంలో కత్తి పైకెత్తిన ఒలివియర్, 2007లో ఆయన శతజయంతికి వెలిసింది.

సేవల విషయంలో లండన్‌లో నేను ఎక్కువ మార్కులు వేసేది ఈ థియేటర్‌కే. టిక్కెట్ లేకపోయినా లోపలి విశాలమైన హాళ్లలో కూర్చోవచ్చు, కాఫీ తాగవచ్చు, నాటక గ్రంథాల దుకాణంలో తీరిగ్గా పుస్తకాలు తిరగేయవచ్చు. ముందుగా చెప్పి తెరవెనుక భాగాలు చూపించే పర్యటనలో చేరితే, సెట్లు తయారుచేసే చోటు, ఐదంతస్తుల లోతున్న తిరుగుడు వేదిక వెనుక ఏర్పాట్లు తెలుస్తాయి. మాకు చూపించినావిడ ఎంత సాంకేతిక ప్రశ్నకైనా ఓపికగా జవాబు చెప్పారు.

బసకు వాటర్లూ పరిసరాల్లోని మధ్యతరగతి చెయిన్ హోటళ్లు సరిపోతాయి. గదులు చిన్నవే అయినా ఓల్డ్ విక్, నేషనల్ రెండూ నడక దూరంలో ఉంటాయి, రాత్రి పదిన్నరకు ఆట వదిలాక రైళ్ల కోసం పరుగెత్తే పని ఉండదు. భోజనానికి మనవారు వెతుక్కునే సాంబారు, దోసెలు కావాలంటే యూస్టన్ దగ్గర డ్రమండ్ వీధి ఉంది.

వెస్ట్‌మినిస్టర్ అబ్బే ప్రవేశ రుసుము పెద్దలకు 30 పౌండ్ల దరిదాపుల్లో ఉంటుంది. ఒలివియర్ అస్థికలు కవుల మూలలో, పూర్వపు మహానటులు గారిక్, హెన్రీ ఇర్వింగ్ సమాధుల చెంతనే, షేక్స్‌పియర్ స్మారకం ఎదుట నేలలో ఉన్నాయి. 1989 జులై 11న ఆయన కన్నుమూశాక, అక్టోబర్ 20న ఇక్కడ జరిగిన సంస్మరణ ప్రార్థనలో తోటి నటులు ఆయన జీవితానికి గుర్తులైన వస్తువులను వరుసగా మోసుకెళ్లారు. మ్యాగీ స్మిత్ చేతిలో ఉన్నది చిచెస్టర్ నాటకశాల వెండి నమూనా. ఒక్క ఆ సమాధి రాయి చూడటానికే అంత రుసుము పెట్టమని నేను చెప్పను. అబ్బే మొత్తాన్ని చూడాలనుకునేవారికి మాత్రం అది తగిన ధరే. సాయంకాలపు ప్రార్థనకు ప్రవేశం ఉచితం, కాకపోతే అప్పుడు అటూ ఇటూ తిరిగి సమాధులు చూడనివ్వరు. ఆదివారాలు సందర్శకులకు ప్రవేశం లేదు, ప్రార్థనలు మాత్రమే జరుగుతాయి.

1907 మే 22న ఆయన పుట్టిన డార్కింగ్ పట్టణం లండన్‌కు గంట దూరం. వాథెన్ రోడ్డులోని ఆ ఇల్లు ఇప్పుడు ఎవరో కాపురముంటున్న మామూలు ఇల్లు. ఫలకం చూసి వెనుదిరగడమే తప్ప మరేమీ లేదు కాబట్టి, సమయం తక్కువున్నవారు నిస్సంకోచంగా వదిలేయవచ్చు.

బ్రైటన్‌కు విక్టోరియా స్టేషన్ నుంచి గంట ప్రయాణం. భార్యాభర్తలు కలిసి తిరిగేటట్లయితే ‘టూ టుగెదర్’ రైల్‌కార్డు ముందే కొనుక్కుంటే రద్దీ లేని వేళల్లో ఛార్జీలో మూడో వంతు తగ్గుతుంది. ఒలివియర్ 1961లో నటి జోన్ ప్లౌరైట్‌ను పెళ్లాడాక ఇక్కడే కాపురం పెట్టి రోజూ రైల్లో లండన్ వెళ్లి వచ్చేవారు. 1970లో ప్రభుల సభ (బ్రిటిష్ పార్లమెంటు ఎగువ సభ) సభ్యత్వం ప్రకటించినప్పుడు కూడా బ్రైటన్ పేరునే తన బిరుదులో చేర్చుకున్నారు. ‘బ్రైటన్ బెల్’ రైల్లో ఉదయపు ఫలహారంలోంచి పొగపెట్టిన చేపలను తీసేస్తే, ఆయన పట్టుబట్టి వాటిని మళ్లీ పెట్టించారు. ఆ రైలు 1972లో ఆగిపోయింది. సముద్రానికి ఎదురుగా రాయల్ క్రెసెంట్‌లో ఆయన నివసించిన ఇంటి వరుసకు నిగనిగలాడే నల్లని పలకలు తాపడం చేసి ఉంటాయి. దూరానికి నల్ల ఇటుకల్లా కనబడినా, దగ్గరకెళ్తే గోడకు అంటించిన పలకలని తెలుస్తుంది, ఎండ పడినప్పుడు ఒక్కొక్కటీ ఒక్కో తీరున మెరుస్తుంది. లోపలికి ప్రవేశం లేకపోయినా, సముద్రపుటొడ్డు వెంట స్టేషన్ నుంచి అరగంటకు పైగా పట్టే ఆ నడక కోసమైనా వెళ్లదగ్గ చోటు ఇది. శాకాహారులకు ఇంగ్లండ్‌లో ఇంతకంటే అనుకూలమైన పట్టణం మరొకటి నాకు తారసపడలేదు.

బస విషయంలో బ్రైటన్ మమ్మల్ని బాధపెట్టింది. సముద్రం కనబడే గది అని అదనంగా వసూలు చేసిన ఒక పాత హోటల్లో కిటికీ పూర్తిగా మూతపడేది కాదు, లిఫ్టు పనిచేయక సామానుతో నాలుగంతస్తులు ఎక్కవలసి వచ్చింది, ఫిర్యాదు చేస్తే విన్నవారు లేరు. వారాంతాల్లో ఈ పట్టణంలో ధరలు విపరీతంగా పెరుగుతాయి. వారం మధ్యలో వెళ్లి, ఒడ్డు నుంచి రెండు వీధులు లోపలికి గది తీసుకుంటే సగం డబ్బుకే నెమ్మదిగా నిద్రపోవచ్చు.

బ్రైటన్ నుంచి తీరం వెంట ముప్పావు గంట దాటిన ప్రయాణంతో చిచెస్టర్ చేరతాం. రోమన్ల కాలపు కోట గోడలు, పెద్ద చర్చి ఉన్న చిన్న పట్టణం. ఇక్కడి నాటకశాల కథ నాకెంతో ఇష్టం. పట్టణ మాజీ మేయర్, వృత్తిరీత్యా కళ్లద్దాల నిపుణుడు అయిన లెస్లీ ఎవర్షెడ్ మార్టిన్, కెనడాలోని స్ట్రాట్‌ఫర్డ్‌లో టైరోన్ గత్రీ తొలి దర్శకుడిగా నడిపిన నాటకోత్సవం గురించి టీవీలో చూసి, మన ఊళ్లో మాత్రం ఎందుకు ఉండకూడదని పూనుకున్నారు. ప్రభుత్వ సొమ్ము కోసం ఎదురుచూడకుండా విరాళాలు పోగుచేశారు. తొలి దర్శకుడిగా రమ్మని ఒలివియర్‌కు రాస్తే ఆయన ఒప్పుకున్నారు. పావెల్, మోయా రూపకల్పన చేసిన ఆరు మూలల భవనం 1962 జులైలో తెరుచుకుంది. మూడు వైపులా ప్రేక్షకులు కూర్చునే వేదిక అప్పటి ఇంగ్లండ్‌కు కొత్త. మొదటి రెండు నాటకాలను విమర్శకులు చీల్చి చెండాడారు. మూడోది చెహోవ్ ‘అంకుల్ వాన్యా’. మైకేల్ రెడ్‌గ్రేవ్ వాన్యాగా, ఒలివియర్ డాక్టర్ ఆస్ట్రోవ్‌గా, ప్లౌరైట్ సోన్యాగా వేసిన ఆ ప్రదర్శన నాటకశాలను బతికించింది. ఇక్కడి నటబృందంలోంచే మరుసటి ఏడాది నేషనల్ థియేటర్ బృందానికి పునాది పడింది.

స్టేషన్ నుంచి ఊరి మధ్యగా పావుగంట నడిస్తే చెట్ల నడుమ పచ్చిక మీద ఆ భవనం కనబడుతుంది. నాటకాల రుతువు వసంతంలో మొదలై శరత్తు దాకా సాగుతుంది కాబట్టి చలికాలంలో వెళ్లేవారు ఏవి ఆడుతున్నాయో ముందు చూసుకోవాలి. పక్కనే చిన్నదైన మినర్వా నాటకశాల కూడా ఉంది. ఆటకు ముందు చాలామంది పచ్చిక మీద తెచ్చుకున్న తిండి పరుచుకుని కూర్చుంటారు. ఆటల వివరాల పుస్తకం అమ్మే పెద్దాయన మేము భారతదేశం నుంచి వచ్చామని తెలుసుకుని, ఒలివియర్ అన్న డికీ కూడా అక్కడికే వెళ్లాడు కదా అన్నారు. రబ్బరు తోటల పని మీద అన్న భారత్ వెళ్లినప్పుడు తమ్ముడు తానూ వెళ్తానని అడిగితే, నువ్వు వెళ్లేది నాటకాల్లోకి అని తండ్రి కొట్టిపారేశారట. ఒలివియర్ జీవిత చరిత్రల్లో చదివిన ఆ ముచ్చటను ఆ గుమ్మం దగ్గర ఒక స్థానికుడి నోట వినడం నాకు గొప్ప సంతోషాన్నిచ్చింది.

చిచెస్టర్‌లో రాత్రి ఆట చూసి అదే రాత్రి లండన్ చేరాలనుకోవడం కష్టం. ప్రయాణమే గంటన్నర, పది దాటాక రైళ్లు తక్కువ. మధ్యాహ్నపు ఆటకు వెళ్లండి, లేదా రాత్రికి అక్కడే ఆగండి. మేము కోట గోడ లోపల ఒక కుటుంబం నడిపే చిన్న బసలో దిగాం. బ్రైటన్ గదికంటే తక్కువ ధరకు శుభ్రమైన పడక, గుడ్డు లేని ఫలహారం అడిగితే విసుక్కోకుండా చేసిపెట్టిన ఇంటావిడ, ఆట వదిలాక తలుపు తీసే తాళం. టిక్కెట్ తీసుకునేటప్పుడు ఎదుటి సీట్లే కావాలని పట్టుబట్టనక్కరలేదు. పక్క వరుసల్లో కూర్చుంటే నటుడు ఒక వైపు ప్రేక్షకులకు వీపు చూపుతూ మరో వైపు మొహం తిప్పుకోవడం, మూడు దిక్కులకూ మాట అందేలా గొంతును మలచుకోవడం బాగా గమనించవచ్చు, ధర కూడా కొంత తక్కువే.