డిజిటల్ పియానో కొంటున్నారా? "88 వెయిటెడ్ కీస్" అని రాసి ఉంటే సరిపోదు, జాగ్రత్త

ఇంట్లో వాయించుకోడానికో, పిల్లలకి నేర్పించడానికో డిజిటల్ పియానో చూస్తున్నవాళ్లు ఇది పూర్తిగా చదవండి. "88 ఫుల్ సైజ్ వెయిటెడ్ కీస్, హ్యామర్ ఫీల్" అని ఆన్‌లైన్‌లో అమ్ముతున్న ఒక పియానో మా అమ్మాయి కోసం తీసుకున్నాం. వెయిటెడ్ కీస్ అంటే అసలు పియానోలోలా వేలికి బరువు తెలిసే కీలు, హ్యామర్ అంటే ఆ బరువునిచ్చే సుత్తి. మాకొచ్చినదాని లోపల హ్యామర్ అన్నదే లేదు, అన్నీ స్ప్రింగులే. వెనక్కి తీసుకోమంటే "బాక్స్ ఓపెన్ చేశారు, రిటర్న్ కుదరదు" అన్నారు. బాక్స్ తెరవకుండా కీ నొక్కి చూసే దారే లేదు, కాబట్టి ఇది పచ్చి అన్యాయం.

తేడా ఎక్కడుందో చెప్తాను. అసలు పియానోలో కీ నొక్కితే లోపల సుత్తి లేచి తీగని కొడుతుంది, ఆ బరువు వేలికి తెలుస్తుంది. మంచి డిజిటల్ పియానోలో తీగలు ఉండవు గానీ ప్రతి కీ వెనకా ఒక బరువు కదులుతుంది, దాన్నే హ్యామర్ అంటారు. నొక్కడం మొదలుపెట్టినప్పుడు బరువుగా ఉంటుంది, కదిలాక దానంతట అదే దిగుతుంది. ఎడమవైపు మంద్ర స్వరాలు కాస్త బరువు, కుడివైపుకి వెళ్లేకొద్దీ తేలిక. స్ప్రింగ్ కీ దీనికి సరిగ్గా తలకిందులు. పైన తేలిగ్గా ఉంటుంది, కిందికి వెళ్లేకొద్దీ ఎదురు తంతుంది. మాకొచ్చినదానిలో ఈ చివర నుంచి ఆ చివర దాకా ఒకటే బిగువు. నల్ల కీస్ మధ్యలోకి వేలు పోనిచ్చి తెల్ల కీ నొక్కాలంటే చెయ్యంతా బిగబట్టాల్సి వస్తోంది. టీచర్ మొదట గమనించింది కూడా అదే. "పాపకి మణికట్టు ఎందుకిలా బిగుసుకుపోతోంది, ఇంట్లో దేనిమీద వాయిస్తోంది?" అని అడిగారు. డబ్బు పోయినదానికంటే నాకు బాధ ఇక్కడే. నేర్చుకునేటప్పుడు చేతికి పట్టిన అలవాటు ఓ పట్టాన వదలదు.

అనుమానమొచ్చి యూఎస్‌బీ కేబుల్‌తో ల్యాప్‌టాప్‌కి కలిపి చూశాను. ఏ కీ ఎలా నొక్కామో పియానో నుంచి కంప్యూటర్‌కి చెప్పే పద్ధతిని మిడీ అంటారు. ఎంత గట్టిగా నొక్కామన్నది దానిలో 1 నుంచి 127 దాకా అంకెగా వస్తుంది. ఉచితంగా దొరికే మిడీ మానిటర్ ఏది పెట్టుకున్నా ఆ అంకెలు కనిపిస్తాయి. మెల్లగా, ఇంకొంచెం, ఇంకొంచెం అని పెంచుకుంటూ పోతే అంకె కూడా అలాగే పెరుగుతూ రావాలి. దీనిలో మూడే మూడు అంకెలు తిరిగి తిరిగి వచ్చాయి. అంటే చిన్న, మధ్య, పెద్ద అంతే. వాటి మధ్య ఇంకేమీ లేదు. పాప ఎంత సుతారంగా వాయించబోయినా, ఒక స్వరం వినపడీ వినపడకుండా పోతే పక్క స్వరం ఒక్కసారిగా అరుస్తోంది. తప్పు తన చేతిదే అనుకుని అది అదే లైన్ మళ్లీ మళ్లీ వాయించడం చూశాక ఈ పోస్ట్ రాయకుండా ఉండలేకపోయాను.

ఇక పాలీఫనీ. ఒకేసారి ఎన్ని స్వరాలు మోగగలవన్న లెక్క ఇది. పేజీలో ఎక్కడా రాయలేదు, లోపలి కాగితంలో 32 అని ఉంది. పది వేళ్లకి 32 చాలదా అనిపిస్తుంది. కానీ పెడల్ తొక్కి పట్టుకున్నప్పుడు వదిలేసిన స్వరాలు కూడా మోగుతూనే ఉంటాయి, పైగా స్టీరియో టోన్ అయితే ఒక్కో స్వరానికి రెండేసి ఖర్చవుతాయి. ఎడమచేత్తో కింద ఒక స్వరం పట్టి, పెడల్ వదలకుండా కుడిచేత్తో పైదాకా పరుగెత్తించండి. మా పియానోలో సగం దారిలోనే కింది స్వరం ఠక్కున తెగిపోతుంది. యమహా పీ-45 లాంటి మొదటి మెట్టు మోడల్‌లోనే 64 ఉంటాయి, రోలాండ్ ఎఫ్‌పీ-10లో 96. 128 ఉంటే నిశ్చింత.

పెడల్ కూడా చూసుకోండి. చిన్న ప్లాస్టిక్ స్విచ్ ఇచ్చి "సస్టెయిన్ పెడల్ ఫ్రీ" అంటారు. అది ఆన్, ఆఫ్ మాత్రమే, సగం తొక్కడం కుదరదు. వేరే పెడల్ కొని పెడితే ఉల్టాగా పనిచేయొచ్చు, తొక్కకపోతే మోగడం, తొక్కితే ఆగడం. పెడల్ మీద కాలు పెట్టకుండా పవర్ ఆన్ చేస్తే చాలా పియానోలు సర్దుకుంటాయి.

కొనేముందు నేను ఇప్పుడు అందరికీ చెప్తున్న మొదటి మాట, బరువు చూడండి. హ్యామర్ యాక్షన్ (సుత్తులతో కీ కదిలే ఏర్పాటు) ఉన్న 88 కీల పోర్టబుల్ పియానో మామూలుగా 10 నుంచి 12 కిలోలు, ఆ పైనా తూగుతుంది. ఐదారు కిలోలే అని రాసి ఉంటే లోపల సుత్తులు ఉండే అవకాశం దాదాపు లేనట్టే. రెండోది, యాక్షన్ పేరు అడగండి. నిజంగా హ్యామర్ పెట్టిన కంపెనీ దాని పేరు చెప్పుకుంటుంది. యమహాది గ్రేడెడ్ హ్యామర్ స్టాండర్డ్, కాసియోది స్కేల్డ్ హ్యామర్ యాక్షన్, కవాయ్‌ది రెస్పాన్సివ్ హ్యామర్, రోలాండ్‌ది పీహెచ్ఏ-4, ఇలా. "సెమీ వెయిటెడ్" అన్నా, పేరు లేకుండా "పియానో ఫీల్" అన్నా స్ప్రింగ్ అనే లెక్కేసుకోండి. వీలైతే షాపులో పవర్ ఆపేసి వాయించి చూడండి. సౌండ్ బాగుంటే దాని మత్తులో కీ సంగతి పట్టించుకోం. పవర్ లేనప్పుడు వేలికి కీ ఒక్కటే తెలుస్తుంది, టకటకా కొట్టుకునే చప్పుడు ఉంటే అదీ వినపడుతుంది.

సెకండ్ హ్యాండ్ అయితే ఒక్క కీ కూడా వదలకుండా మెల్లగా నొక్కి చూడాలి. కింద ఉండే రబ్బరు కాంటాక్టులు అరిగితే ఆ ఒక్క కీ ఎలా నొక్కినా పెద్దగానే మోగుతుంది, లేదా అసలు మోగదు. అడాప్టర్ దానిదేనా అన్నది కూడా ముఖ్యం. వోల్టేజీ కలిసినా ప్లగ్ మధ్యది ప్లస్సో మైనస్సో తేడా వస్తే బోర్డు పోవచ్చు. ఆ గుర్తు జాక్ పక్కనే ముద్రించి ఉంటుంది.

స్ప్రింగ్ కీస్ పనికిరావని నేను అనడం లేదు. రిథమ్ వేసుకుని పాటలు వాయించుకునేవాళ్లకి 61 కీల కీబోర్డ్ హాయిగా సరిపోతుంది, మోసుకెళ్లడానికీ సుఖం. దాన్ని పియానో అని చెప్పి, పియానో నేర్చుకునే పిల్లల చేతికి అంటగట్టడమే మోసం.

ఆన్‌లైన్‌లోనే కొనక తప్పకపోతే డబ్బు కట్టేముందు "హ్యామర్ యాక్షన్ ఉందా, పాలీఫనీ ఎంత, తెరిచాక రిటర్న్ ఉందా" అని మూడూ మెసేజ్‌లోనే అడగండి, ఫోన్లో వద్దు. పేజీ స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. మేము ఫిర్యాదు చేశాక ఆ పేజీలో "హ్యామర్ ఫీల్" అన్న మాట మాయమైంది. ముందే తీసి పెట్టుకున్న స్క్రీన్‌షాట్ ఉండబట్టే మా ఫిర్యాదు ఇంకా నడుస్తోంది. అదే ఫొటోతో, వేరే పేరుతో, అదే పియానో పక్క పేజీలో ఇప్పటికీ అమ్ముతున్నారు.