తొమ్మిదేళ్ల డీ5300, దానితో తిరిగిన నాలుగు లెన్సులు

2016 దసరాకు కొన్న నికాన్ డీ5300 కెమెరా ఇప్పటికీ నా చేతిలోనే ఉంది. మొన్న ఒక ఫొటో ఫైలు వివరాలు తెరిచి చూస్తే షటర్ లెక్క, అంటే ఇప్పటిదాకా ఎన్నిసార్లు నొక్కానో ఆ సంఖ్య, 71 వేలు దాటింది. ఈ షటర్‌ను లక్ష సార్ల దాకా పరీక్షించామని కంపెనీ చెప్పిన మాట కాబట్టి, ఇంకొన్నేళ్లు నడుస్తుందనే ధైర్యంతో ఉన్నాను. తెనాలిలో కాలేజీ పిల్లలకు పాఠాలు చెప్పుకుంటాను. ఫొటోల మీద నాకు రూపాయి రాదు. కొన్న ప్రతి లెన్సూ జీతంలో మిగిల్చిన డబ్బుతో కొన్నదే. అందుకే వాటిలో ఏది రోజూ సంచిలోంచి బయటికి వస్తోందో, ఏది అడుగునే ఉండిపోయిందో, ఎందుకో కూడా రాస్తున్నాను.

అప్పట్లో నా దగ్గర 40 వేలు ఉన్నాయి. ఆ డబ్బుకు మూడు కెమెరాలు కనిపించాయి: కెనాన్ 700డీ, నికాన్ డీ3300, డీ5300. 700డీకి టచ్ స్క్రీన్ ఉంది, సెన్సర్ మాత్రం 18 మెగాపిక్సెల్స్. రెండు నికాన్లకూ 24 మెగాపిక్సెల్స్. డీ3300లో ఫోకస్ పాయింట్లు, అంటే ఫ్రేములో కెమెరా ఫోకస్ పట్టగల చోట్లు, 11, డీ5300లో 39. పైగా దీని స్క్రీన్ పక్కకు తెరుచుకుని ఎటు కావాలంటే అటు తిరుగుతుంది. పక్షులను తీయాలనే కోరిక అప్పటికే ఉంది కనుక 39 పాయింట్ల వైపు మొగ్గాను. 18-55 ఎంఎం జూమ్ లెన్సుతో కలిపి 38 వేలు అయింది. ఆ ఎంపిక తప్పని అనను. కానీ ఇళ్లలో, పెళ్లిళ్లలో, ఊళ్లో మనుషులను తీయడమే మీ పని అయితే డీ3300 తీసుకుని, ఆ తేడా డబ్బు లెన్సుకు దాచుకున్నా ఫొటోలు ఇంతే బాగా వచ్చేవి. ఈ మాట అప్పుడు నాకెవరూ చెప్పలేదు.

కెమెరాతో వచ్చే 18-55ను చాలామంది తీసిపారేస్తారు. నేను ఆ మాట ఒప్పుకోను. కోటప్పకొండ తిరనాళ్లకు వెళ్లినవాళ్లకు తెలుసు, శివరాత్రి రాత్రి కరెంటు దీపాలతో ధగధగలాడుతూ తాటిచెట్లను మించిన ప్రభలు పక్కపక్కనే నిలబడతాయి. వెనక్కి జరుగుదామంటే జనం. అక్కడ ఈ జూమ్‌లో అన్నిటికన్నా వెడల్పుగా చూసే 18 ఎంఎం తప్ప ఇంకేదీ పనికిరాదు. అంత వెలుగులో ఎఫ్/3.5 సరిపోతుంది, చేతి వణుకును లెన్సులోని వీఆర్ అనే ఏర్పాటు చూసుకుంటుంది. నా గోడ మీద పెద్దగా కట్టించి పెట్టుకున్న ఫొటో ఆ లెన్సుతో తీసిందే.

అసలు చిక్కు ఇంట్లో మొదలైంది. మా నాయనమ్మ తెల్లవారుజామునే లేచి వంటింట్లో కూర్చునేది. ఒక ట్యూబ్‌లైటు, పొయ్యి మంట, పక్కన చిన్న కిటికీ. ఆ వెలుగులో 18-55ను 35 దగ్గర పెడితే ఎపర్చర్, అంటే వెలుగు లోపలికి వచ్చే రంధ్రం, ఎఫ్/4.5 దగ్గరే ఆగిపోతుంది; ఈ అంకె ఎంత చిన్నదైతే అంత ఎక్కువ వెలుగు. షటర్ స్పీడ్ పదో వంతు సెకనుకు పడిపోతుంది. వీఆర్ నా చేతి కదలికను ఆపగలదు గానీ నాయనమ్మ చేతి కదలికను ఆపలేదు కదా. గిన్నె స్పష్టంగా, ఆమె చెయ్యి మసకగా వచ్చేవి. వెలుగును పట్టే సెన్సర్ చురుకును, అంటే ఐఎస్ఓను, 6400కు పెంచితే చీర మీద గరుకు తేలేది. అలాంటి ఫొటోలు పదుల కొద్దీ చెరిపేశాను. వాటిలో కొన్నింటిని ఇప్పటికీ మర్చిపోలేను, ఎందుకంటే ఆమె 2019లో పోయింది.

అప్పుడు తొందరపడి ఒక పొరపాటు చేశాను. 50 ఎంఎం ఎఫ్/1.8 కొనమని అందరూ అంటారు కాబట్టి, ఒక పాత సామాన్ల దుకాణంలో 5,500కు సెకండ్‌హ్యాండ్ 50 ఎఫ్/1.8డీ తెచ్చాను. ఇంటికొచ్చి బిగిస్తే ఫోకస్ కదల్లేదు. పేరు చివర 'డీ' అని ఉండే ఈ పాత లెన్సులలో మోటారు ఉండదు, కెమెరా బాడీలోని మోటారే వాటిని తిప్పాలి. డీ3000, డీ5000 వరుస కెమెరాల్లో ఆ మోటారు లేదు, డీ90, డీ7000 వరుసలో ఉంది. ఏఎఫ్-ఎస్ అనో ఏఎఫ్-పీ అనో రాసి ఉంటేనే నా కెమెరాలో ఆటోఫోకస్ పనిచేస్తుంది. అమ్మినాయన చెప్పలేదు, నాకు అడగాలని తెలియలేదు. నికాన్‌లో సెకండ్‌హ్యాండ్ కొనేవాళ్లు ముందు చూసుకోవాల్సింది ఈ రెండు మూడు అక్షరాలే. కెనాన్ ఈఎఫ్ లెన్సులతో ఈ బాధ లేదు, మోటారు లెన్సులోనే ఉంటుంది. డబ్బు తక్కువ ఉండి పాత లెన్సుల మీద ఆధారపడేవాళ్లకు అది చిన్న సౌకర్యమేమీ కాదు.

అయినా దానితో ఏడాది తీశాను. వ్యూఫైండర్‌లో ఎడమ మూల ఫోకస్ కుదిరినప్పుడు ఒక పచ్చ చుక్క వెలుగుతుంది. రింగు తిప్పుతూ ఆ చుక్క కోసం చూడాలి. కదలని మనిషికి పర్వాలేదు. కదిలే పిల్లలకు పది ఫొటోల్లో ఒకటి దక్కేది. ఇంకో సంగతి కూడా అప్పుడే తెలిసింది. ఈ సెన్సర్ ఫుల్ ఫ్రేమ్ (పాత ఫిల్మ్ ఫ్రేమంత సెన్సర్) కన్నా చిన్నది కాబట్టి 50 ఎంఎం ఇందులో 75 ఎంఎంలా చూస్తుంది. మన వంటిళ్లలో గోడకు వీపు ఆనించి నిలబడినా ముఖం, భుజాలు తప్ప ఏమీ పట్టవు.

రెండోసారి కొనేముందు ఎవరినీ అడగలేదు, నా ఫొటోలనే అడిగాను. ప్రతి ఫొటో ఫైలులోనూ ఫోకల్ లెంగ్త్ (లెన్సు ఎన్ని ఎంఎం దగ్గర ఉందో), ఎపర్చర్, ఐఎస్ఓ రాసి ఉంటాయి. విండోస్‌లో ఫోల్డర్‌ను డిటెయిల్స్ వ్యూలో పెట్టి ఫోకల్ లెంగ్త్ కాలమ్ కలుపుకుని వరుసలో పెడితే చాలు. 18-55తో తీసి ఉంచుకున్నవి 4,200 దాకా ఉన్నాయి. అందులో 1,500 సరిగ్గా 55 దగ్గర. అంటే అక్కడ నాకు జూమ్ చాలలేదు, రింగు చివరికి కొట్టుకుని ఆగిపోయింది. 1,100 దాకా 30కీ 40కీ మధ్య, వాటిలో మూడొంతులు ఇంటి లోపల, ఐఎస్ఓ 1600 పైన. 18 దగ్గర 700. మిగతావన్నీ చెదురుమదురు. నాకు కావలసిన రెండు లెన్సులేవో ఆ వరుసలోనే తేలిపోయాయి. వెడల్పు లెన్సు కొందామని అంతకుముందు నెలంతా తెగ చదివాను, కానీ 18 దగ్గరి 700 ఫొటోల్లో ఇంకా వెడల్పు కావాలనిపించినవి ముప్పై కూడా లేవు. ఆ ఆలోచన అక్కడితో ఆగింది.

2017 చివర్లో ఏఎఫ్-ఎస్ డీఎక్స్ 35 ఎంఎం ఎఫ్/1.8జీ కొత్తదే కొన్నాను, 12 వేలు. బరువు 200 గ్రాములు. ముందు ఫిల్టరు బిగించే చోటు కొలత 52 ఎంఎం, 18-55కూ అంతే కాబట్టి మూత, ఫిల్టరు రెండింటికీ ఒకటే. ఎఫ్/4.5 నుంచి ఎఫ్/1.8కు వస్తే లోపలికి వచ్చే వెలుగు ఆరు రెట్లు పెరుగుతుంది. అదే వంటిల్లు, అదే ట్యూబ్‌లైటు, పదో వంతు సెకను కాస్తా అరవయ్యో వంతు అయింది. నాయనమ్మ గోంగూర ఆకు కోస్తూ నవ్వుతున్న ఫొటో ఆ డిసెంబరులో తీశాను. వేళ్ల మడతలు కూడా లెక్కపెట్టొచ్చు. ఈ సమీక్షలో ఇంకేదీ చదవకపోయినా ఈ ఒక్క లెన్సు సంగతి గుర్తుపెట్టుకోమంటాను.

పెళ్లిళ్లలో దీని విలువ ఇంకా బాగా తెలుస్తుంది. తెల్లవారుజాము మూడింటి ముహూర్తం, జీలకర్ర బెల్లం అయిపోయి తలంబ్రాల దాకా వచ్చాక వీడియో వాళ్ల లైట్లు ఒకసారి ఇటు, ఒకసారి అటు తిరుగుతుంటాయి. గాల్లో బియ్యపు గింజలు నిలబడాలంటే కనీసం రెండువందల యాభయ్యో వంతు సెకను కావాలి. ఎఫ్/2, ఐఎస్ఓ 1600తో మా పిన్ని కూతురి పెళ్లిలో అది కుదిరింది. తెనాలిలో విగ్రహాలు చేసే శిల్పుల రేకుల షెడ్లలోనూ ఇదే బిగిస్తాను, పగలు కూడా లోపల చీకటే, వెల్డింగ్ మెరుపు ఒక్కటే వెలుగు.

లోపాలు లేవని కాదు. ఎఫ్/1.8 దగ్గర కిటికీ చువ్వల్లాంటి మెరిసే అంచుల చుట్టూ ఊదారంగు గీత కనిపిస్తుంది. ఎఫ్/2.8కు వస్తే చాలావరకు పోతుంది. 30 సెంటీమీటర్ల కన్నా దగ్గరకు పోదు కాబట్టి ముక్కుపుడక, చిన్న పువ్వు లాంటివి నిండుగా రావు.

ఇక 55 దగ్గర ఆగిపోయిన ఆ 1,500 ఫొటోలు. వాటిలో సగానికి పైగా ఉప్పలపాడువే. గుంటూరు పక్కనే ఉన్న ఆ ఊరి చెరువులో తుమ్మచెట్ల నిండా చలికాలం గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు కిక్కిరిసి ఉంటాయి. గట్టు మీద నిలబడితే చాలా దగ్గర. దూరంగా ఎగిరే వాటి కోసం పనికొచ్చే 150-600 లెన్సులు రెండు కిలోల బరువు, ధర నా కెమెరాకు రెట్టింపు. ఉప్పలపాడుకు అంత అక్కర్లేదు. 2018లో ఏఎఫ్-పీ డీఎక్స్ 70-300 వీఆర్ వాడినది 15 వేలకు దొరికింది. ఈ కెమెరా మీద 300 అంటే 450 ఎంఎంలా చూస్తుంది. బరువు 415 గ్రాములే, సంచి మోస్తున్నట్టే ఉండదు. ఫోకస్ చప్పుడు లేకుండా, చటుక్కున పడుతుంది. పొద్దున ఎనిమిదింటి ఎండలో గూటికి పుల్ల తెచ్చే కొంగను వెయ్యో వంతు సెకనుతో తీస్తే రెక్కల చివర్లు కూడా స్పష్టంగా వస్తాయి.

దీనిలో రెండు జాగ్రత్తలు. ఇదే లెన్సు వీఆర్ లేకుండా కూడా ఉంది, చూడ్డానికి ఒకేలా ఉంటుంది, కాస్త చవక. పేరులో వీఆర్ అక్షరాలు చూడకుండా డబ్బు ఇవ్వకండి, 300 దగ్గర అది లేకపోతే చేత్తో తీయడం కష్టం. రెండోది, ఏఎఫ్-పీ లెన్సులు డీ3200, డీ7000 లాంటి పాత బాడీల మీద ఫోకస్ చేయవు. డీ5300కు ఫర్మ్‌వేర్ (కెమెరా లోపలి సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ చేశాకే పూర్తిగా పనిచేస్తాయి. 300 దగ్గర ఎపర్చర్ ఎఫ్/6.3, కాబట్టి సూర్యుడు వాలాక పక్షులు కనిపిస్తున్నా దీన్ని సంచిలో పెట్టేయాల్సిందే.

బాడీ గురించి చెప్పాల్సింది తక్కువే. నికాన్ డీఎస్ఎల్ఆర్‌లలో (లోపల అద్దం ఉండి, లెన్సులు మార్చుకోగల కెమెరాలలో) వైఫై, జీపీఎస్ లోపలే పెట్టిన మొదటిది ఇది. జీపీఎస్ వేసి ఉంచితే బ్యాటరీ తింటుంది, ఎప్పుడో ఆపేశాను. ఒక చార్జికి 500 పైన ఫొటోలు వస్తాయి, పెళ్లికి మాత్రం రెండో బ్యాటరీ జేబులో ఉండాలి. స్క్రీన్ చూస్తూ తీసే లైవ్ వ్యూలో ఫోకస్ నెమ్మది, కదిలే పిల్లలను అలా తీయలేం, కన్ను వ్యూఫైండర్‌కే ఆనించాలి. తిప్పే చక్రం ఒకటే ఉంది, మాన్యువల్‌లో ఎపర్చర్ మార్చాలంటే ఒక బటన్ నొక్కి పట్టుకుని తిప్పాలి. ఆర్నెల్లలో వేలికి అలవాటైపోతుంది. సెన్సర్ పట్టిన వివరమంతా ఉంచే రా ఫైల్స్‌లో తీస్తే నీడలో ఉండిపోయిన ముఖాన్ని తర్వాత వెలుగులోకి తేవడంలో ఈ సెన్సర్ ఇప్పటికీ నన్ను ఆశ్చర్యపరుస్తుంది.

లెన్సులో పట్టే బూజు, అదే ఫంగస్, సంగతి మాత్రం గట్టిగా చెప్పాలి, కోస్తాలో లెన్సుల ప్రాణం తీసేది అదే. ఆ పాత 50ను తోలు కవరులో పెట్టి బీరువాలో దాచాను. ఒక వానాకాలం దాటాక తీసి ఫోన్ టార్చి వేసి చూస్తే లోపలి గాజు మీద సాలెగూడు లాంటి పోగులు. శుభ్రం చేయడానికి అడిగిన డబ్బు లెన్సు ఖరీదుకు దగ్గర్లో ఉంది. అది నా అజాగ్రత్త. తోలు తేమను పట్టి ఉంచుతుంది, చీకటి, గాలి ఆడకపోవడం దానికి తోడు. ఇప్పుడు గాలి చొరని ప్లాస్టిక్ డబ్బా, అందులో సిలికా జెల్, తేమ చూపించే చిన్న మీటరు. తేమ 40, 50 శాతం మధ్య ఉండేలా చూస్తాను. నీలం గింజలు గులాబీ రంగుకు తిరిగితే మూకుట్లో సన్నసెగ మీద వేడి చేస్తే మళ్లీ నీలం అవుతాయి. ఖర్చు 600 దాటలేదు. డబ్బా కొన్నాక ఏ లెన్సుకూ మచ్చ రాలేదు.

ఇప్పుడు కొత్తగా కొనేవాళ్లు డీఎస్ఎల్ఆర్ కొనొచ్చా? నికాన్, కెనాన్ రెండూ 2020 తర్వాత కొత్త డీఎస్ఎల్ఆర్ ఏదీ తేలేదు, శ్రమంతా అద్దం లేని మిర్రర్‌లెస్ కెమెరాల మీదే. చేతిలో 70, 80 వేలు ఉంటే, వీడియో ముఖ్యమైతే, మిర్రర్‌లెస్ కొనండి, నేను వద్దనను. 40 వేలే ఉంటే సెకండ్‌హ్యాండ్ డీఎస్ఎల్ఆర్‌తో వచ్చినన్ని లెన్సులు ఇంకెలాగా రావు. జనం మిర్రర్‌లెస్‌కు మారుతూ ఇవన్నీ అమ్ముకుంటున్నారు. చూసుకోవాల్సింది షటర్ లెక్క, లెన్సులో టార్చి వేస్తే పోగులు లేకపోవడం, ఎఫ్/16 దగ్గర ఆకాశాన్ని తీసి చూస్తే సెన్సర్ మీద మచ్చలు లేకపోవడం. దుమ్ము మచ్చలైతే తుడిపించుకోవచ్చు, గీతలైతే వదిలేయాలి.

నిరుడు మా కాలేజీలో సహోద్యోగి కూతురు "మావయ్యా, నాకూ ఒకటి చూసిపెట్టవా" అంటే 22 వేలకు ఒక డీ5300 ఇప్పించాను, 18-55తో కలిపి. షటర్ లెక్క 14 వేలే. వెంటనే రెండో లెన్సు కొంటానని తొందరపడింది, నేనే ఆపాను. సంక్రాంతికి ఫొటోలన్నీ హార్డ్ డిస్క్‌లో వేసుకుని రమ్మన్నాను, ఇద్దరం కూర్చుని ఫోకల్ లెంగ్త్ వరుస చూస్తాం. 35 దగ్గర గుట్ట పడి ఉంటే ఆ లెన్సు, 55 దగ్గర ఉంటే 70-300. రెండు చోట్లా లేకపోతే డబ్బు మళ్లీ దాని బ్యాంకులోకే.