స్టీలు జాలీకి కట్టిన రిక్సియా: మొక్కకు మంచి మార్కులు, జాలీకి తక్కువే

అక్వేరియం మొక్కలు అమ్మే ఆన్‌లైన్ దుకాణాల్లో ‘రిక్సియా కార్పెట్’ పేరుతో దొరికే సరుకు గురించి ఈ సమీక్ష. సహజంగా నీటి మీద తేలే రిక్సియా ఫ్లూయిటాన్స్ అనే లివర్‌వర్ట్‌ను (నాచును పోలిన చిన్న మొక్క) ట్యాంకు అడుగున పచ్చికలా పెంచడానికి, మూడంగుళాల చదరపు స్టీలు జాలీలు రెండింటి మధ్య పరిచి, అంచులను నైలాన్ దారంతో కట్టి అమ్ముతారు. పొరుగు రాష్ట్రంలోని ఒక విక్రేత దగ్గర నేను దీన్ని తెప్పించుకున్నాను; కొరియర్ ఖర్చుతో కలిపి 300 రూపాయల లోపే అయింది. అదే విక్రేత ఇదే మొక్కను జాలీ లేకుండా, చిన్న ప్లాస్టిక్ కప్పులో విడిగా, దాదాపు సగం ధరకు ఇస్తున్నందువల్ల ఆ కప్పును కూడా కలిపి తెప్పించి, హైదరాబాద్‌లోని మా ఇంట్లో రెండింటినీ పెంచి చూశాను. ఎక్కువమందికి ఆ కప్పే సరిపోతుంది. జాలీ కొనవలసినవారు వేరే ఉన్నారు.

ముందుగా సరుకు చేరిన తీరు. తడిపిన కాగితంలో మొక్కను చుట్టి, గాలి నింపిన కవరులో పెట్టి పంపారు. నీళ్లు పోసి పంపకపోవడం సరైన పద్ధతి, ఎందుకంటే ఈ మొక్కకు దారిలో కావలసింది తడి మాత్రమే. కవరు నిండా నీళ్లు ఉంటే బరువు, వేడి, కుళ్లు మూడూ పెరుగుతాయి. అంచుల్లో కొంత పసుపు రంగు తప్ప మిగతాదంతా ముదురు పచ్చగానే ఉంది. అయితే మొక్కతో పాటు డక్‌వీడ్ (నీటి మీద తేలే చిన్న కలుపు మొక్క) ఆకులు, నత్తగుడ్లు, దారపు పాచి పోగులు కూడా వచ్చాయి. రిక్సియా ఎక్కడ కొన్నా ఇది మామూలే, కానీ విడి మొక్కనైతే తెల్లటి గిన్నెలో నీళ్లు మార్చి మార్చి ఝాడించి, పట్టకారుతో ఏరి శుభ్రం చేయవచ్చు. జాలీలో బిగించినదాన్ని అలా చేయడం కుదరదు. రెండు జాలీల నడుమ చిక్కిన దారపు పాచిని తీయాలంటే కట్లన్నీ విప్పవలసిందే, విప్పాక జాలీ కొన్నందుకు అర్థం ఉండదు. ఏ రూపంలో కొన్నా నేరుగా ట్యాంకులో వేయకుండా, వెలుతురు తగిలే వేరే గిన్నెలో కొన్ని వారాలు ఉంచి చూడటం క్షేమం.

సరుకుతో వచ్చిన కార్డు మీద మూడు మాటలు ఉన్నాయి: తక్కువ వెలుతురు చాలునని, ట్యాంకులోకి విడిగా కార్బన్ డయాక్సైడ్ ఎక్కించనక్కరలేదని, కొద్ది రోజుల్లో మొక్క జాలీకి అంటుకుపోతుందని. మొదటి రెండూ నీటి పైభాగంలో తేలే రిక్సియాకు చాలావరకు వర్తిస్తాయి, అడుగున కట్టిన రిక్సియాకు వర్తించవు. మూడోది మాత్రం ఏ విధంగానూ నిజం కాదు.

ఇంటర్మీడియట్ వృక్షశాస్త్రంలో మార్కాన్షియా బొమ్మ గీసినవారికి అలాంటి లివర్‌వర్ట్‌కు వేరు, కాండం, ఆకు అనే విభజన ఉండదని, శరీరమంతా థాలస్ అనే ఒకే బల్లపరుపు నిర్మాణమని గుర్తుండవచ్చు. రిక్సియా ఫ్లూయిటాన్స్‌లో ఆ థాలస్ ఒకటి రెండు మిల్లీమీటర్ల వెడల్పున్న సన్నని పట్టీలా ఉండి, ప్రతి కొన వద్ద రెండుగా చీలుతూ పెరుగుతుంది. నీరు ఇంకిన బురద మీద పడితే ఇది మూలతంతువులు (వేళ్లలాంటి సన్నని పోగులు) పుట్టించి నేలను పట్టుకుంటుంది, నీటిలో ఉన్నంతకాలం వాటిని పుట్టించదు. అంటే అక్వేరియంలో రాయిని గాని, కర్రను గాని, జాలీని గాని పట్టుకోవడానికి దాని దగ్గర ఏ సాధనమూ లేదు. అక్వేరియంలో పెంచే జావా మాస్ అనే నాచును పత్తి దారంతో కడితే ఆ దారం కుళ్లేలోగా మాస్ తనకు తానుగా కర్రను పట్టుకుంటుంది. రిక్సియాకు అదే పత్తి దారం వాడితే దారం తెగిన రోజే మొక్కంతా పైకి తేలుతుంది. ఈ సరుకులో నైలాన్ దారం వాడటం అందుకే సరైనది. కట్టు గట్టిగా ఉంది, జాలీకి తుప్పు పట్టలేదు. అయితే తీగ అంచులను మడవకుండా వదిలేశారు. అడుగున మట్టిలో తిండి వెతుక్కునే కోరీడొరాస్ వంటి చేపలున్న ట్యాంకులో ఆ మొనలు ప్రమాదకరం. చేత్తో సర్దేటప్పుడు వేళ్లకూ తగులుతాయి.

తేలే మొక్కను బలవంతంగా అడుగున పెంచే ఈ పద్ధతికి ప్రచారం తెచ్చినవాడు జపాన్‌కు చెందిన ఛాయాచిత్రకారుడు తకాషి అమానో. నీగాటాలో 1982లో ఆక్వా డిజైన్ అమానో సంస్థను స్థాపించిన ఆయన, చదునైన రాళ్లకు చేపలు పట్టే దారంతో రిక్సియాను కట్టి పచ్చిక మైదానాల వంటి దృశ్యాలను ట్యాంకుల్లో నిర్మించాడు. థాలస్ కొనల మీద ముత్యాల్లా నిలిచే ఆక్సిజన్ బుడగలే ఆ చిత్రాల ఆకర్షణ. ఆ బుడగలు కనిపించాలంటే కిరణజన్య సంయోగక్రియ చురుగ్గా సాగి, చుట్టూ ఉన్న నీరు ఇక కరిగించుకోలేనంత ఆక్సిజన్‌తో నిండాలి. అందుకు గట్టి వెలుతురు, సిలిండరు నుంచి అందే కార్బన్ డయాక్సైడ్, క్రమం తప్పని కత్తిరింపు కావాలి. కార్పెట్ అమ్మేవారి ప్రకటనల్లో ఈ బుడగల ఫొటో తప్పక ఉంటుంది గాని సిలిండరు ఊసు ఉండదు.

కార్బన్ డయాక్సైడ్ ఇవ్వని ట్యాంకు అడుగున ఉంచినప్పుడు జాలీ మీది రిక్సియా చచ్చిపోలేదు, అలాగని పెరగనూ లేదు. రంగు పాలిపోయి, పట్టీలు సన్నబడి, సందుల్లో మురికి పేరుకుంది. అదే జాలీని కార్బన్ డయాక్సైడ్ అందే ట్యాంకులో, రోజుకు ఎనిమిది గంటల ఎల్‌ఈడీ వెలుతురు కింద పెట్టాక జాలీ కంతల్లోంచి పైకి దూసుకొచ్చి ఒత్తైన గుబురు కట్టింది. అక్కడ ఇంకో సమస్య మొదలవుతుంది. గుబురు మందం పెరిగే కొద్దీ అడుగు పొరకు వెలుతురు అందక అది కుళ్లుతుంది, పైపొర మొత్తం ఒక్క ముక్కగా ఊడి తేలుతుంది. గుబురు మూడు సెంటీమీటర్లు దాటకముందే కత్తెర పట్టాలి. కత్తిరించేటప్పుడు ఫిల్టరు ఆపి, తేలిన ముక్కలన్నింటినీ వలతో తీసేయాలి, లేకపోతే అవి ఫిల్టరు గొట్టంలోకి పోయి ఇరుక్కుంటాయి. ఒక్క ముక్క మిగిలినా అది మరోచోట కొత్త గుబురవుతుంది. ఈ పని సరదాగా చేసుకోగలవారికే కార్పెట్ దక్కుతుంది.

కప్పులో వచ్చిన విడి రిక్సియాను నీటి మీద ఊరికే వదిలాను. గాలిలోని కార్బన్ డయాక్సైడ్ దగ్గరగా ఉండటం, దీపానికి చేరువ కావడం వల్ల అది ఏ సదుపాయమూ అడగకుండా పెరిగింది. ఫిల్టరు ధార నేరుగా తగిలితే గుంపు చెదిరిపోతుంది కనుక ఒక మూల గాలిగొట్టంతో వలయం చేసి అందులో ఉంచడం మేలు. గప్పీ పిల్లలు పెద్ద చేపల నోట పడకుండా దాక్కోవడానికి ఇంతకంటే మంచి చోటు నేను చూడలేదు. చెర్రీ రొయ్యలు పట్టీల మధ్య తిరుగుతూ వాటి మీది పాచిని గీరి తింటాయి. గౌరామీ మగచేప తన నురగ గూడును ఈ తేలే పరుపు ఆసరాగానే కట్టుకుంటుంది. చేపల వ్యర్థాల నుంచి పుట్టే నైట్రేట్‌ను కూడా రిక్సియా బాగా పీల్చుకుంటుంది. వారం వారం కొంత తీసేయకపోతే మాత్రం నీటి పైభాగమంతా కమ్మి కింది మొక్కలకు వెలుతురు లేకుండా చేస్తుంది.

మన ఎండల మాట కార్డు మీద లేదు. రిక్సియాకు 20 నుంచి 28 డిగ్రీల మధ్య నీరు హాయిగా ఉంటుంది. ఏప్రిల్, మే నెలల్లో ఏసీ లేని గదిలోని ట్యాంకు 30 డిగ్రీలు దాటితే పెరుగుదల మందగిస్తుంది, మందమైన గుబుర్లలో కుళ్లు త్వరగా మొదలవుతుంది. ఆ రోజుల్లో గుబురును పలచగా ఉంచడం, నీటి ఉపరితలం మీదికి చిన్న ఫ్యాన్ తిప్పడం పనిచేస్తాయి. బోరు నీటి కాఠిన్యం దీన్ని పెద్దగా బాధించలేదు. భయపడవలసింది మందుల గురించి: పాచి చంపే రసాయనాలు లివర్‌వర్ట్‌నూ వదలవు. సిలిండరుకు బదులుగా ‘లిక్విడ్ కార్బన్’ పేరుతో అమ్మే గ్లూటరాల్డిహైడ్ ద్రావణాలు రిక్సియాకు పడవన్నది అక్వేరియం పెంచేవారిలో అందరికీ తెలిసినదే. విచిత్రమేమంటే, ఈ విక్రేత జాలీతో పాటు కొనమని సిఫారసు చేసే వస్తువుల్లో అదీ ఉంది.

సిలిండరు లేకుండా అడుగున లివర్‌వర్టే కావాలనుకునేవారికి మోనోసోలీనియం టెనెరమ్ మేలు. చాలాకాలం దీన్ని పెలియా అనే వేరే లివర్‌వర్ట్ పేరుతో పొరపాటుగా అమ్మారు. ఇప్పటికీ కొన్ని దుకాణాల జాబితాల్లో అదే పేరు ఉంటుంది. దీని థాలస్ రిక్సియాకంటే వెడల్పు, ముదురు ఆకుపచ్చ, నీటికంటే బరువు కనుక తనంతట తానే మునుగుతుంది. తక్కువ వెలుతురులోనూ బతుకుతుంది. పెళుసుగా ఉండి ముట్టుకుంటే విరుగుతుంది కాబట్టి చేపలు తవ్వని మూల చూసి పెట్టాలి. రాతికి నిజంగా అంటుకునేది కావాలంటే రికార్డియా అనే మరో లివర్‌వర్ట్ ఉంది, అయితే అది ఎంత నిదానంగా పెరుగుతుందంటే దాని ముందు రిక్సియా పరుగు పందెంలో ఉన్నట్టు అనిపిస్తుంది.

మార్కులు వేయాలంటే విడి కప్పుకు 5కు 4, జాలీకి 5కు రెండున్నర. కార్బన్ డయాక్సైడ్ సిలిండరు, గట్టి దీపం ఇప్పటికే ఉన్నవారికి జాలీ ఒక పూట శ్రమ తగ్గిస్తుంది. వారు కూడా కప్పు రిక్సియాను శుభ్రం చేసుకుని, చదునైన రాయి మీద పలచగా పరిచి, నైలాన్ దారంతో అటూ ఇటూ దగ్గర దగ్గరగా చుట్టుకుంటే అదే ఫలితం తక్కువ ఖర్చుతో, డక్‌వీడ్ బెడద లేకుండా వస్తుంది.

ఆర్డరు నవంబరు నుంచి ఫిబ్రవరి మధ్య, వారం మొదట్లో పెట్టండి. శుక్రవారం బయలుదేరిన పార్శిల్ ఆదివారమంతా కొరియర్ గోదాములో మగ్గుతుంది. మొక్క బతికి చేరకపోతే డబ్బు వాపసు ఇస్తామని విక్రేత చెబుతున్నా, పెట్టె విప్పుతున్నప్పుడు ఆపకుండా తీసిన వీడియో ఉంటేనే ఒప్పుకుంటామన్న షరతు బిల్లు వెనుక చిన్న అక్షరాల్లో ఉంది కనుక, కత్తెర చేతిలోకి తీసుకునే ముందే ఫోను సిద్ధం చేసుకోండి.