ఒక చలికాలం వాడిన నల్ల గొంగడి

కార్తీకం చివరలో కొన్న చేనేత గొంగడిని మాఘం దాటేవరకు దాదాపు ప్రతి ఉదయమూ వాడాను కనుక, దాని మంచిచెడ్డలు రాయవచ్చుననుకుంటున్నాను. మాది జహీరాబాద్. చలికాలంలో పత్రికలు తెలంగాణ ఉష్ణోగ్రతలు అచ్చువేసినప్పుడు మా పక్కనున్న కోహీర్, న్యాల్కల్ పేర్లు తరచుగా ముందు వరుసలోనే కనిపిస్తాయి. సముద్రానికి దూరంగా, ఎత్తయిన పీఠభూమి మీద ఉన్న ఊళ్లు కావడంతో, మబ్బు లేని రాత్రుల్లో నేల పగలంతా తాగిన వేడిని తెల్లవారేలోపు వదిలేస్తుంది. సంక్రాంతికి చంకలెత్తనీయదన్న సామెతను మా వైపు ఎవరికీ విడమరిచి చెప్పవలసిన పని లేదు.

ఉద్యోగ విరమణ చేసిన అయిదుగురు మిత్రులం ఉదయం ఆరున్నరకల్లా రైల్వే స్టేషన్ దారిలోని ఒక టీ హోటల్ ముందున్న షాబాదు బండ మీద చేరతాము. పింఛనుదారులు ఏటా ఇవ్వవలసిన జీవన ధ్రువపత్రం ఎవరు ఇచ్చారు, ఎవరు మరిచిపోయారు, బీదర్‌లో కళ్ల డాక్టరు దగ్గరికి ఎవరితో ఎవరు వెళ్లాలి, గ్యాసు బండ ఎప్పుడు వస్తుంది, ఫలానా వారి అమ్మాయి సంబంధం ఎంతవరకు వచ్చింది అన్న విషయాలన్నీ అక్కడే తేలుతాయి. అయితే మార్గశిరం వచ్చిందంటే ఆ బండ మంచుగడ్డ అయిపోతుంది. జర్కిన్లు, మంకీ క్యాపులు ఒంటి పైభాగాన్ని కాపాడతాయి కానీ, కింది నుంచి ఎక్కే చలిని ఆపలేవు. అంతకుముందు ఏడాది మా సభ పదేసి నిమిషాలకు కుదించుకుపోయి, ఒక మిత్రుడి కొడుకు ఉద్యోగం మారిన సంగతి పూర్తిగా వినడానికి మాకు నాలుగు ఉదయాలు పట్టింది. అందుకని ఈసారి మెడకు చుట్టుకునేది కాకుండా, కింద పరుచుకోవడానికీ పైన కప్పుకోవడానికీ పనికివచ్చేది ఏదైనా కొనాలనుకున్నాను.

మొదట మోసపోయాను. ఒక ప్రదర్శనశాలలో, చేనేత గొంగడి అన్న చీటీ కట్టిన నల్లటి దుప్పటిని పదకొండు వందలకు తెచ్చుకున్నాను. చేతికి మెత్తగా, చూపుకు నిగనిగలాడుతూ ఉండడమే నాకు అనుమానం కలిగించి ఉండవలసింది. ఇంటికి వచ్చాక అంచు నుంచి నాలుగు పోగులు లాగి అగ్గిపుల్ల అంటిస్తే, అవి కరిగి గట్టి గుండుగా ముడుచుకున్నాయి. అసలైన ఉన్ని అయితే జుట్టు కాలిన కమురు వాసన వచ్చి, వేళ్ల మధ్య నలిపితే బూడిదయ్యేది. ఈ పరీక్షను కొనకముందు చేయాలని, ఆ మాట అడిగితే ముఖం చిట్లించే దుకాణం మెట్లు దిగి వచ్చేయాలని గొంగడి కొనాలనుకునేవారికి మనవి చేస్తున్నాను. ఆ దుప్పటి ఇప్పుడు మా ఇంట్లో ఇస్త్రీ బల్ల మీద పరిచి ఉంది.

రెండోసారి నారాయణఖేడ్ వైపు ఒక పల్లెలో, తరతరాలుగా గొంగళ్లు నేస్తున్న కురుమ కుటుంబం ఇంటికే వెళ్లాము. భర్త గుంట మగ్గంలో కూర్చుని నేస్తాడు. ఉన్ని ఏకడం, రాట్నం మీద వడకడం భార్య, ఆమె అత్తగారు చూసుకుంటారు. మేము వెళ్లేసరికి వాకిట్లో సాగదీసి కట్టిన పడుగుకు చింతగింజల గంజి కుంచెతో పట్టిస్తున్నారు. కొత్త గొంగడి అట్టలా బిర్రుగా ఉండడానికి కారణం ఆ గంజేనని, వాడుతున్నకొద్దీ అది వదిలి బట్ట ఒంటికి ఒదుగుతుందని అక్కడే తెలిసింది. రంగు వేయడమన్నది లేదు. గొర్రె నలుపే గొంగడి నలుపు, అంచున వచ్చిన బూడిద చారలు కూడా గొర్రె ఇచ్చినవే.

ధర విని నాతో వచ్చిన మిత్రుడు, పోస్టాఫీసులో పనిచేసి విరమించినవాడు, వెనక్కి తగ్గాడు. ఆరు మూరల పొడవు, మూడు మూరల వెడల్పు ఉన్నదానికి అయిదు వేల రెండు వందలు చెప్పారు. బేరం ఆడబోతే ఆ ఇల్లాలు నొచ్చుకోకుండానే, "నేసుడు నాలుగొద్దుల పని సారూ, వడుకుడే నెల పడ్తది. అసలు ఉన్నే దొరుకుతలేదు, ఇగ ఎట్ల తగ్గియ్యాలె?" అని అడిగింది. ఉన్ని దొరకకపోవడానికి కారణం అంతుపట్టనిదేమీ కాదు. గొంగడికి పనికివచ్చే ఉన్ని దక్కనీ జాతి నల్ల గొర్రెలదే. మాంసానికి గిరాకీ పెరిగినకొద్దీ ఎత్తుగా, బరువుగా పెరిగే నెల్లూరు జాతి గొర్రెలు మందల్లోకి వచ్చాయి, వాటి ఒంటి మీద ఉండేది వెంట్రుకే తప్ప వడకడానికి వీలైన ఉన్ని కాదు. 2017లో మొదలైన గొర్రెల పంపిణీ పథకంలో యూనిట్‌కు 20 గొర్రెలు, 1 పొట్టేలు చొప్పున ఇచ్చినప్పుడు తమ ఊరికి దిగినవి కూడా నెల్లూరువేనని ఆమె చెప్పింది. ఆ గొర్రెలతో ఇల్లు గడిచిన మాట నిజమేనని, మగ్గానికి మాత్రం అవి ఒక్క పోగు కూడా ఇవ్వలేదని ఆమె భర్త గుంటలో నుంచే అందుకున్నాడు. ఆ తరువాత నేను బేరమాడలేదు.

ఇక వాడకం సంగతి. కిరాణా దుకాణం కాటా మీద ఇది రెండు కిలోల మూడు వందల గ్రాములు తూగింది. మొదటి పదిహేను రోజులు గొర్రెల దొడ్డి వాసన గట్టిగా వస్తుంది. మా ఇంట్లో దీనికి పడకగది ప్రవేశం దొరకలేదు, వరండాలోని దండెం మీదనే దీని మకాం. మెడకు, చెంపలకు నేరుగా తగిలితే గుచ్చుతుంది. మెరినో ఉన్ని శాలువాలకు అలవాటుపడ్డవారు దీన్ని భుజాన వేసుకుని ఫొటో దిగి, మరునాడు ఎవరికైనా ఇచ్చేస్తారు. వారి తప్పు కూడా కాదు, ఇది శాలువా కాదని అమ్మేవారెవరూ చెప్పరు. ఆరుబయట తెల్లవార్లూ మందకు కాపలా ఉండే మనిషి కోసం పుట్టిన బట్ట ఇది. పరుపు మీద పడుకునేవారికి పత్తి రజాయే హాయి.

ఆరుబయట మాత్రం దీనికి సాటి వచ్చే వస్తువును నేను వాడలేదు. రెండు మడతలు వేసి బండ మీద పరిస్తే చలి కింది నుంచి పైకి రాదు. మిగిలిన సగాన్ని వెనక నుంచి తలమీదుగా తెచ్చి ముందుకు ముడుచుకుంటే ముగ్గురు పక్కపక్కన కూర్చోవచ్చు. ముతక ఉన్ని పోగుల నడుమ నిలిచిన గాలి ఒంటి వేడిని బయటికి పోనివ్వదు, అదే ఉన్ని గాలిని కొంత ఆడనిస్తుంది కనుక జర్కిన్‌లో పట్టినట్టు చెమట పట్టదు. డిసెంబరులో తుపాను ముసురు పట్టిన రెండు రోజులూ పరీక్షగా దీన్నే కప్పుకుని వెళ్లాను. గొర్రె ఒంటి జిడ్డు ఉన్నిలో ఇంకా మిగిలే ఉండడం వల్ల తుంపర పూసల్లా పైనే నిలిచి, దులిపితే రాలిపోయింది. అర గంటకు మించి జల్లు కురిస్తే మాత్రం తడిసి మోయలేనంత బరువవుతుంది, మళ్లీ ఆరడానికి రెండు ఎండలు కావాలి.

గొంగడి వచ్చిన వారానికి మా సభ మళ్లీ ముప్పావు గంటకు పెరిగింది. జీవన ధ్రువపత్రం మరిచిపోయిన మిత్రుడిని నెలాఖరులో మీసేవకు పంపింది ఆ బండ మీది నుంచే. మరో మిత్రుడి కొడుకుకు బీదర్ సంబంధం ఖాయమైన సంగతి, కట్నం మాటే లేకుండా పెళ్లి ఖర్చు చెరి సగం అనుకున్న వివరంతో సహా ఒకే ఉదయం కూర్చుని విన్నాము. ఆ ఉదయం హోటల్ యజమాని, "ముబారక్ భాయ్" అంటూ డబ్బులు తీసుకోకుండా రెండో విడత చాయ్ పంపాడు.

పోస్టాఫీసు మిత్రుడి కూతురు కెనడాలోని కాల్గరీలో ఉంటుంది. మాకు ఉదయం ఏడు గంటలంటే అక్కడ ముందు రోజు సాయంత్రం ఆరున్నర, ఆమె పని నుంచి ఇల్లు చేరే వేళ. సంక్రాంతి దగ్గరపడ్డ ఒక ఉదయం వీడియో కాల్‌లో తండ్రిని చూసి, "బాపూ, పది డిగ్రీలకే అంత ముసుగా? ఇక్కడ మైనస్ 22 ఉంది" అని నవ్వింది. వాళ్ల ఇళ్లలో గోడలే వెచ్చగా ఉంటాయని, మన దగ్గర చలి ఇంట్లోకి వచ్చి మంచం మీద కూర్చుంటుందని ఆయన వాదించాడు. ఆ వాదన నడుస్తుండగానే ఆమె, జూన్‌లో తనకు కాన్పు అని, అమ్మను తీసుకుని మే నెలలోనే రావాలని చెప్పింది. మా మిత్రుడు ఏమీ అనలేక గొంగడి అంచుతో కళ్లు తుడుచుకోబోయి, అది చురుక్కుమని గుచ్చడంతో ఉలిక్కిపడ్డాడు. అటువైపు కూతురు, ఇటువైపు మేమూ ఒకేసారి నవ్వేశాము. ఈ గొంగడి మెత్తగా లేదన్న ఫిర్యాదును నేను ఇంతకంటే గట్టిగా చెప్పలేను.

పోగులు రాలడం రెండో లోపం. ఎల్ల అమావాస్యనాడు మా వైపు రైతులు బంధుమిత్రులను చేన్లకు పిలిచి, సజ్జ రొట్టెలు, కందికాయలూ శనగలూ చిక్కుళ్లూ కలిపి వండిన భజ్జి, అంబలి పెట్టే ఆచారం ఉంది. ఆ రోజు శనగ చేను గట్టున గొంగడి పరుచుకుని భోజనానికి కూర్చున్నాము. గొంగట్లో తింటూ వెంట్రుకలు ఏరుకున్నట్టు అన్న సామెతను నలభై ఏళ్లు బడిలో పిల్లలకు అర్థం చెప్పిన నేను, దాన్ని అక్షరాలా చేసి చూసింది ఆ మధ్యాహ్నమే. రొట్టెకు ఒకటి, భజ్జిలో రెండు చొప్పున నల్ల పోగులు వచ్చాయి. నెలన్నర దాటాక రాలడం చాలావరకు తగ్గింది. కొత్తదాన్ని కొన్న వెంటనే ఎండలో వేసి వేపబెత్తంతో నాలుగు రోజులు దులిపి ఉంటే ముందే తగ్గేదని నేతగాడు ఆ తరువాత చెప్పాడు.

ఉతకడం సంగతికి వస్తే, దీన్ని వేడినీళ్లకు, వాషింగ్ మెషీన్‌కు దూరంగా ఉంచాలి. వేడికి, రాపిడికి ఉన్ని పోగులు ఒకదానిలో ఒకటి చిక్కుకుని గొంగడి కుంచించుకుపోతుంది. ఏడాదికి ఒకసారి చన్నీళ్లలో కుంకుడు రసంతో జాడించి, పిండకుండా వాలుగా ఆరవేస్తే చాలు. పురుగు పట్టకుండా ఎండిన వేపాకు మడతల్లో వేసి, నెలకొకసారి ఎండ చూపించాలి. ఇంత ఓపిక లేనివారు దీని జోలికి వెళ్లకపోవడమే మంచిది. పల్చని చర్మం ఉన్నవారు, ఉన్ని వాసనకు తుమ్ములు వచ్చేవారు కూడా అంతే. లెక్కల మాస్టారిగా మార్కులు వేయమంటే పదికి ఏడున్నర వేస్తాను. పోయిన రెండున్నరలో ఒకటి గుచ్చుకోవడానికి, ఒకటి మొదటి పదిహేను రోజుల వాసనకు, అర మార్కు భజ్జికి.

శివరాత్రికి చలి శివశివా అనుకుంటూ వెళ్లిపోయింది, గొంగడి కూడా వేపాకుతో సహా పెట్టెలోకి చేరింది. ధర విని వెనక్కి తగ్గిన పోస్టాఫీసు మిత్రుడు మాత్రం ఆ మరుసటి వారమే నన్ను వెంటబెట్టుకుని మళ్లీ ఆ పల్లెకు వచ్చి, కాల్గరీకి పట్టుకెళ్లడానికి ఒక చిన్న గొంగడి నేయమని అడిగాడు. పసిబిడ్డకు అని తెలియగానే ఆ ఇల్లాలు ఇంట్లో ఉన్న ఉన్నిని చూపించను కూడా చూపించలేదు. పెద్ద గొర్రె ఉన్ని పిల్లల ఒంటికి పడదని, గొర్రెపిల్లకు మొదటిసారి తీసే ఉన్నే మెత్తగా ఉంటుందని, తమ మందలో ఆ వయసువి తొమ్మిదే ఉన్నాయని చెప్పి, ఆయన వెయ్యి రూపాయలు బయానా ఇవ్వబోతే అయిదు వందలే తీసుకుంది. ఏప్రిల్ మొదట్లో కత్తిరింపు. విమానం మే 11న. వడకడానికి నెల, నేయడానికి రెండు రోజులు అని మా మిత్రుడు ఇప్పుడు రోజూ బండ మీద కూర్చుని వేళ్లు మడిచి లెక్క చూసుకుంటున్నాడు.